కొండ పొద పిగిలి



మన అనంతపురము సీమలో బస్సెక్కి ఏ దిక్కునకు పోయినను కిటికీలోనుండి ముఖ్యముగా కనబడునవి రెండే. ఒకటి ఎఱ్ఱని చేలు, రెండవది ఆ చేల నడుమ ఒంటరిగా లేచిన రాళ్ల గుట్టలు. గుట్ట యనగా మట్టిదిబ్బ కాదని మీకు తెలియును. ఏనుగులంతేసి గుండ్లు ఒకదానిమీద నొకటి ఎవరో పేర్చి మరచిపోయినట్లుండును. ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పెనుకొండ, గుత్తి, రాయదుర్గము కోటలు కట్టిన రాజులు ఈ గుట్టలను నమ్ముకొనియే కట్టిరి. వాన సంగతి నేను మీకు చెప్పనక్కరలేదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లు. నైఋతి మేఘములను పడమటి కనుమలు ఆపివేయును. ఈశాన్యపు వానలు సముద్రమునుండి మనదాకా వచ్చుసరికి అలసిపోవును. ఆ పడు కొంచెమైనను వేరుసెనగకు కావలసిన వారములో పడునన్న నమ్మకము లేదు.

ఈ గుట్టలలో ఒక పిట్ట కాపురమున్నది. ఈ నెల దానిని గూర్చి వ్రాయుచున్నాను. ఈ పత్రికలో పిట్ట కథ ఏమిటని మీలో కొందరు పెద్దలు కళ్లద్దములు సరిచేసికొందురని నాకు తెలుసు. తోటలో ఆదామునకు మొట్టమొదట దొరికిన పనులలో ఒకటి జీవులకు పేరు పెట్టుటయే గదా! మనమును పేరుతోనే మొదలుపెట్టుదము.

పిగిలి పిట్ట మీ అందరికిని తెలిసినదే. నల్లని తల, తోకక్రింద ఎఱ్ఱని మచ్చ, ఇంటి చూరుమీదను జామచెట్టుమీదను కూర్చుండి కీచులాడుచుండును. హిందూస్థానీలో దానిని బుల్‌బుల్ అందురు. అదే జాతిలో కంప పొదలలో దాగి తిరుగు మరియొకదానికి పొద పిగిలి యని మనవారు పేరు పెట్టిరి. నేను చెప్పబోవునది మూడవది. దాని పేరు కొండ పొద పిగిలి. కొండయు ఉండవలెను, కొండమీద పొదయు ఉండవలెను. రెండును కలిసిన చోటనే అది యుండును. దాని బ్రతుకు వృత్తాంతమంతయు ఆ మూడు మాటలలో ఇమిడియున్నది. ఈ పేరును పుస్తకమున కెక్కించినవాడు జెర్డన్ అను వైద్యుడు. ఆయన కుంఫిణీ కొలువులో నెల్లూరు ప్రాంతమున వైద్యము చేయుచు, తీరిక దొరికినప్పుడెల్ల పక్షులను పరిశీలించి, ఊరివారు వాడు తెలుగు పేర్లను కూడ అడిగి వ్రాసికొనెడివాడు. నెల్లూరునకు పడమటనున్న తూర్పు కనుమలలో దొరికిన ఈ పిట్టను 1845లో ఆయన లోకమునకు తెలియజేసెను. ఆయనకు ఈ పేరు చెప్పిన తెలుగువాడెవరైనను మంచి చూపు గలవాడు.

రూపము చెప్పవలెనన్న జానెడు పిట్ట. వీపు ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. తలయు గొంతును పసుపు. రొమ్ము తెల్లబారిన బూడిదరంగు. తోకక్రింద మరల పసుపు, తోక చివరను కొంచెము పసుపు. ఎండిన పొదలో కదలక కూర్చున్నయెడల మీకు కనబడదు. గొంతు విప్పినప్పుడు మాత్రమే ఆ పసుపు వెలిగి దాని చోటు తెలియును. మిక్కిలి బిడియము గలది. మనిషి అలికిడి వినిన వెంటనే గుండ్ల సందులోనికి జారిపోవును. పాట మాత్రము బిడియము గలది కాదు. మూతి సన్నని కూజాలోనుండి నీళ్లు వంచినప్పుడు గుటగుటమని ఒకదాని వెనుక నొకటి వచ్చునే, అట్లు త్వరత్వరగా దొర్లుచు వచ్చును.

దీని కాపురము దక్షిణ భారతదేశపు రాళ్ల కొండలలోనే, భూమిమీద మరెక్కడను లేదు. చిక్కబళ్లాపురము దగ్గరి నంది కొండ, మన ఏనుగు మల్లమ్మ కొండ (దొరలు హార్స్‌లీ కొండ యనిరి), హంపికి దగ్గర దరోజీ గుట్టలు, నల్లమల, తమిళదేశమున చెంజి కోట కొండలు — ఇట్లు విడివిడిగా, అక్కడొక చుక్క ఇక్కడొక చుక్కగా దాని లోకమున్నది. ఆ చుక్కల నడుమ విశాలమైన చేలు, చెరువులు, ఊళ్లు, రోడ్లు. ఆ చేలలో అది కాపురముండదు.

నేను దీనిని మొదట చూచినది మన జిల్లాలో కాదు. 1995లో బెంగుళూరు దైవశాస్త్ర కళాశాలలో చదువుచుండగా సెలవు దినమున కొందరము నంది కొండకు పోతిమి. మాలో ఈశాన్య రాష్ట్రములనుండి వచ్చిన విద్యార్థి ఒకడుండెను. గ్రీకు పాఠములో వెనుకబడియుండెడివాడు గాని చెట్టుమీది పిట్టను చూడకయే పాటను బట్టి పేరు చెప్పగలడు. అతడు నా భుజము పట్టి నిలిపి, "కదలవద్దు, ఇది మీ దేశపు పిట్ట, మా వైపు లేదు, మరే దేశములోను లేదు" అనెను. నేను చూచితిని. అందము కంటె అతని మాటయే నాకు ఎక్కువగా గుర్తుండెను. మన సీమలో మాత్రమే దొరకునది అనగా ఇంతవరకు నాకు కరువొక్కటియే తోచెడిది.

చాల సంవత్సరములు గడచిన తరువాత, నా పాస్టరేటులోని ఒక చిన్న గ్రామమున సాయంకాలపు కూటమునకు ముందు కాళ్లు కడుగుకొనుచుండగా వెనుక గుట్టమీదనుండి ఆ కూజా పాట వినబడెను. ఆ ఊరి పేరు ఇక్కడ వ్రాయను. వ్రాసినయెడల ఫోటోలు తీయువారు కార్లు వేసికొని వత్తురు. దానికంటె, ఇప్పుడు ఆ ఊరిలో నడచుచున్న వివాదము పత్రికకెక్కుట నాకిష్టము లేదు. నేను పరుగెత్తుకొనిపోయి మేకలు తోలుకొని వచ్చుచున్న ఒక అవ్వను అడిగితిని.

"అవ్వా, ఆ కూసే పిట్ట ఎప్పుడు వచ్చింది ఇక్కడికి?"

"వచ్చేదేంది అయ్యగారూ! నేను కాపరానికొచ్చిన నాటికే ఉండాది. జువ్విపండ్లు మాగితే చాలు, వంకలో ఒకటే కూత. అది సాయంత్రం కూసిందంటే మేకల్ని దించే పొద్దయిందని లెక్క."

జువ్విపండ్ల సంగతి ఆమె తెలిసియే చెప్పెను. ఈ గుట్టలలో నీరు నిలువదు, మట్టి నిలువదు. అయినను నిలువెత్తు బండ పగులులోనుండి జువ్విచెట్టు మొలిచి వ్రేళ్లను పాములవలె రాతిమీదుగా దించుట మీరు చూచియుందురు. దానిని అక్కడ ఎవడు నాటెను? పండు తిన్న పిట్ట నాటినది. ఈ జాతి పిట్టలు జువ్వి, రావి, బలుసు, పరికి మొదలగు పండ్లను మ్రింగి, విత్తనమును అరుగనీయక వేరొక గుండుమీద రెట్టలో విడుచును. వాన వచ్చినప్పుడు పగులులో పడిన విత్తనము మొలచును. చెట్టు పెరిగి ఆకు రాల్చును. ఆకు కుళ్లి పిడికెడు మట్టియగును. ఆ మట్టిలో పొద లేచును. ఆ పొదలో పిట్ట దాగును. పిట్టకు గుట్ట ఇల్లు మాత్రమే కాదు, చేను కూడ. అది కొంత తానే విత్తుకొన్నది. ఆ పొదల వ్రేళ్లే వాననీటిని ఒక్కసారిగా జారనీయక వంకలోనికి మెల్లగా దించును. ఆ వంక నీరే ఊరి చెరువులోనికి వచ్చును.

ఇప్పుడు మిమ్మును కొంచెము దూరము తీసికొనిపోవలెను. పిగిలి పిట్టలలో రెండు విధముల బ్రతుకున్నది. ఇంటి చూరుమీది నల్లతల పిగిలి ఎక్కడనైనను బ్రతుకును. చెరకు తోటలలో పని చేయుటకు మన దేశపు కూలీలు ఫిజీ దీవులకు ఓడలెక్కి పోయినప్పుడు ఇదియు వారితో కూడ పోయి అక్కడ పిల్లలు పెట్టెను. ఇప్పుడు ఫిజీలోను, హవాయిలోను తోటలవారు దానిని తరుముచున్నారు. కొండ పొద పిగిలి అట్టిది కాదు. దాని వంటి పిట్టను చూడవలెనన్న హిందూ మహాసముద్రము నడుమ సేషెల్స్ దీవులకు పోవలెను.

అక్కడ కజిన్ అను చిన్న ద్వీపము కలదు. సుమారు 70 ఎకరములు, అనగా మన ఊరి చెరువు ఆయకట్టు అంత. మన దర్జీపిట్ట కంటె కొంచెము పెద్దదైన గోధుమరంగు పిట్ట ఒకటి, చక్కని పాట గలది, 1960 నాటికి లోకమంతటిలోను ఆ ఒక్క ద్వీపములోనే మిగిలెను. 1968లో లెక్క చూడగా 30కి లోపు. కారణము వెదకగా ఎవరును దానిని వేటాడలేదు. ద్వీపమునంతయు కొబ్బరితోట చేసిరి, అంతే. ఆ పిట్ట ఆకుల అడుగుభాగమున నుండు పురుగులను ఏరుకొని తినును. కొబ్బరికొరకు నేల శుభ్రము చేసినప్పుడు ఆ ఆకులు పోయినవి. ఒకటిన్నర కిలోమీటరు దూరములోనే మరియొక ద్వీపము కంటికి కనబడుచుండెను. దానికి రెక్కలున్నవి. కాని సముద్రము దాటి అక్కడికి పోవునది లేనంత అరుదు. మనము కూడ కంటికి కనబడు పొరుగూరికి పోకుండ బ్రతికిన ముసలివారిని చూడలేదా? రెక్కలుండుట వేరు, పోవుట వేరు.

ఆ సంవత్సరమే, అనగా 1968లో, పక్షుల రక్షణకై పాటుపడు అంతర్జాతీయ సంఘమువారు చందాలు పోగుచేసి ఆ ద్వీపమును కొనిరి. కొని ఏమి చేసిరి? పిట్టలకు పంజరములు కట్టలేదు, మేత వేయలేదు. కొబ్బరి మొలకలను తీసివేసి, ఆ నేల చెట్లను వాటంతట వాటిని లేవనిచ్చిరి. చెట్లు లేచెను, ఆకులు వచ్చెను, పురుగులు వచ్చెను, పిట్టలు పెరిగెను. ఇరువది సంవత్సరములలో ద్వీపము నిండిపోయి 300 దాటెను. అప్పుడు 1988లో 29 పిట్టలను మెల్లగా పట్టి అరిడ్ అను వేరొక ద్వీపమునకు పడవలో చేర్చిరి. 2004లో డెనిస్ ద్వీపమునకు, 2011లో ఫ్రెగేట్ ద్వీపమునకు అట్లే చేసిరి. ఇప్పుడవి 3,000 దాటినవి. నేను ఈ కథను మా పిల్లలకు చెప్పినప్పుడు ఒక అబ్బాయి, "అయ్యగారూ, మన గుట్టను గూడ ఎవరన్నా కొంటారా?" అని అడిగెను. కొనువారు వచ్చియున్నారని అతనికి అప్పటికి తెలియదు.

సముద్రములోని ద్వీపమునకును మన గుట్టకును తేడా ఒకటే. కజిన్ ద్వీపములో చెట్టు పోయినను నేల మిగిలియుండెను గనుక చెట్టు మరల వచ్చెను. గుట్టను కోసి లారీలో పంపినయెడల ఏమి మిగులును? గొయ్యి మిగులును. 250 కోట్ల సంవత్సరముల రాయి మరల మొలవదు. కొండ పొద పిగిలికి వచ్చిన ఆపదలలో రాతి క్వారీలను పక్షిశాస్త్రజ్ఞులు ముందు చెప్పుచున్నారు. తరువాత వంటకట్టెలకై పొదలు నరుకుట, వేసవిలో కొత్తగడ్డి కొరకు కొండకు నిప్పు పెట్టుట, కొండలమీద విహారపు కట్టడములు. అపాయములో నున్న జాతుల పట్టికలో దానిని చేర్చియున్నారు.

మా గుట్ట సంగతి ఇది. రాయి నాణ్యమైనదని చెప్పి గుట్టనంతటిని లీజుకు అడిగినవారున్నారు. తూర్పుమూలలో పని మొదలై కొంతకాలమైనది. రాతిపని చెడ్డపని యని నేను చెప్పబోవుటలేదు. మా ప్రార్థనా మందిరపు పునాదిరాయి ఆ గుట్టదే. మా పెద్దలు సమ్మెటతోను ఉలితోను కొట్టి, తలమీద మోసికొని వచ్చి వేసిరి. నూరేండ్లుగా ఊరిలోని ప్రతి గడపరాయియు, ప్రతి రోలును అక్కడినుండియే వచ్చినవి. అయినను గుట్ట తరుగలేదు. కంప్రెసరు, తూటాలు, రాయిని ఎత్తు యంత్రము వచ్చిన తరువాత నాలుగు సంవత్సరములలో ఒక మూల చదునైనది. చేతితో కొట్టినంతకాలము గుట్టకు ఊపిరి తీసికొనుటకు వ్యవధి యుండెను.

దీనిని గూర్చి ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద కూర్చుండి మాటలాడుకొంటిమి. ఊరివారందరును, మన సంఘమువారును ఇతరులును, వచ్చిరి. మా సంఘములో క్వారీపని చేయు సహోదరుడొకడున్నాడు. వయస్సు 45 ఉండును. అతడు లేచి చెప్పిన మాటలను నేను మార్చక వ్రాయుచున్నాను.

"అయ్యగారూ, పిట్టకు గుట్ట కావాల, కాదన్లేదు. నా కూతురుకు నర్సింగు ఫీజు కావాల. శెనక్కాయ ఏసి మూడేండ్లు ఇత్తనం కూడ రాలేదు. క్వారీలో రోజుకు ఎనిమిది నూర్లు ఇస్తాండారు. అది లేకుంటే నేను గూడ అందరి మాదిరి బెంగుళూరు బస్సెక్కాల. అప్పుడు ఈ గుళ్లో గంట కొట్టేదెవరు?"

ఎవరును వెంటనే మాటలాడలేదు. ఎందుకనగా అతడు చెప్పినది నిజము. ఆ గ్రామములో ఇండ్లకు తాళములు వేసి పోయినవారు సగము. పండుగకు వత్తురు, మరల పోవుదురు. ఉన్నవారిలో చాలమంది ముసలివారు. మేకల అవ్వను ఆమె కుమారులు బెంగుళూరునకు తీసికొనిపోగా, పదునైదు దినములలో తిరిగి వచ్చినది. "ఆడ పొద్దు ఎప్పుడు గుంకుతాదో తెల్దు" అని ఒక్కటే కారణము చెప్పెను.

చాలసేపు మాటలైన తరువాత ఆ అవ్వయే ఒక దారి చూపెను. గుట్టకు రెండు ముఖములున్నవి. తూర్పున బోడబండ, అక్కడ పొద లేదు, వంక లేదు, రాయి మాత్రము శ్రేష్ఠమైనది. పడమట వంక, జువ్విచెట్లు, సీతాఫలపు పొదలు, మేకల దారి. "తూరుపు వాళ్లని కొట్టుకోనీండి, పడమర జోలికి రావద్దనండి. చెరువుకు నీళ్లొచ్చేదీ ఆడ్నుంచే, పిట్టుండేదీ ఆడే" అనెను. నేను నాలుగు సంవత్సరములు చదివిన చదువులో ఇంత సూటిగా తీర్పు చెప్పిన ఆచార్యులు తక్కువ.

ఆ ప్రకారము అర్జీ వ్రాసితిమి. వ్రాసినది నేనే గనుక అందులో పిట్టను గూర్చి ఒక పేరా చేర్చితిని. చెరువు మాట ముందు వ్రాసి పిట్ట మాట వెనుక వ్రాసితిని, ఎందుకనగా అధికారులు చెరువు అన్న మాటను త్వరగా చదువుదురు. సంతకములు, వేలిముద్రలు కలిపి 43 వచ్చినవి. క్వారీ సహోదరుడు సంతకము చేయలేదు. అతనితో కూడ మరి ఏడుగురు చేయలేదు. వారిని నేను బలవంతపెట్టలేదు, ఎవరును వారిని మాట అనకూడదనియు చెప్పితిని. అర్జీ ఇచ్చి ఎనిమిది నెలలైనది. జవాబు రాలేదు.

ఇట్టి సంగతులలో కాలము పట్టునని మన ప్రక్క జిల్లా చరిత్రయే చూపుచున్నది. కలివికోడి అను పక్షిని గూర్చి మీరు వినియుందురు. కడప ప్రాంతములో సేవ చేసిన లండన్ మిషనువారి విలియం హోవర్డ్ క్యాంబెల్ దొరగారు, పక్షులన్నను సీతాకోకచిలుకలన్నను ఆసక్తి గలవారు, 1900లో అనంతపురము దగ్గర దానిని చూచిరి. ఆ తరువాత 86 సంవత్సరములు అది పండితులలో ఎవరికిని కనబడలేదు. పోయినదనియే వ్రాసికొనిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక పల్లెటూరివాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి చూపెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు అంతకు ముందే చిత్రపటములు పట్టుకొని ఊరూర తిరిగి, "దీనిని చూచితిరా" అని అడిగియుండిరి. అడిగిరి గనుక దొరికెను. తరువాత ఆ కంపఅడవిని లంకమల్లేశ్వర అభయారణ్యముగా కాపాడిరి. ఇదంతయు పెద్ద పక్షి పండితులతో జరిగినదని మీరనవచ్చును. దానిని పట్టినవాడు మాత్రము మనవంటి పల్లెవాడే.

ఆఫీసు జవాబు వచ్చువరకు ఊరక కూర్చుండనక్కరలేదని మా స్త్రీల సమాజమువారు రెండు పనులు తామే చేసిరి. పడమటి వంకలో కట్టెలు కొట్టకూడదని తమలో తాము ఒప్పుకొనిరి. గ్యాసు పొయ్యిలు వచ్చిన తరువాత కట్టెల అవసరము సగమైనను తగ్గినది. నీళ్లు కాచుకొనుటకు మాత్రము కావలెను. అందుకు చేలగట్లమీది తుమ్మకంప చాలునని తేల్చిరి. రెండవది, మార్చి నెలలో గుట్టకు నిప్పు పెట్టకూడదని మేకలవారితో మాటలాడిరి. ఇది మొదటిదానికంటె కష్టమైనది. పాతగడ్డి కాలనిదే లేతగడ్డి రాదని వారి తండ్రులనాటి నమ్మకము, అందులో కొంత నిజమును ఉన్నది. చివరకు తూర్పువైపు మాత్రము కాల్చుకొని, మేకల దారికి ఇవతల గడ్డిని కోసి బారెడు వెడల్పున నేల ఖాళీ చేసిరి. నిప్పు ఆ గీత దాటలేదు. ఈ ఏడు జూన్ నెలలో రెండు మంచి వానలు పడినవి. వంకలో బలుసు పొదలు నిరుడు నరికిన మోడులనుండి మోకాలెత్తు చిగిర్చినవి. నేను కొలిచి చూచితిని.

జూలైలో ఒక సాయంకాలము క్వారీ సహోదరుడు మా ఇంటికి వచ్చెను. కొంతసేపు కూతురి చదువు మాటలు చెప్పి, తరువాత, "అయ్యగారూ, ఆ పిట్టను నేను ఎప్పుడూ చూల్లేదు, చూపిస్తారా?" అనెను. ఆ గుట్టమీదనే పుట్టి పెరిగినవాడు. నేను మారు మాటాడక కర్ర తీసికొని బయలుదేరితిని.

వంక మొదట మేకల దారిలో రెండు గుండ్ల నడుమ కూర్చుంటిమి. పొద్దు వాలుచుండెను. కొంతసేపటికి పాట మొదలయ్యెను, మా తలలకు ఇరువది అడుగుల ఎత్తున జువ్విచెట్టులోనుండి. నేను అతనివైపు చూచి, "విన్నావా తమ్ముడూ?" అంటిని. అతడు నా పెదవులవైపు చూచి తల అడ్డముగా ఊపెను. పాట మరల వచ్చెను, ఇంకను దగ్గరగా. అతనికి వినబడలేదు. పదునాలుగేండ్లుగా కంప్రెసరు ప్రక్కన నిలిచిన చెవులవి. ముతక ధ్వనులు వినును గాని సన్ననివి వినలేవు. ఇంటిలో మనుమడి మాటలు కూడ సరిగా వినబడుటలేదని అప్పుడు చెప్పెను.

నేను అతని గడ్డము క్రింద చేయి పెట్టి ముఖమును చెట్టువైపు మెల్లగా త్రిప్పి, మూడవ కొమ్మ చివరను వ్రేలితో చూపితిని. పిట్ట పాడుచునేయుండెను. అతడు ఊపిరి బిగబట్టి చాలసేపు చూచెను.

"పచ్చగుండాది అయ్యగారూ," అనెను. "గొంతు ఆడతాండాది."

చీకటి పడువరకు కూర్చుంటిమి. అర్జీ నకలు నా సంచిలోనే యుండెను గాని తీయలేదు. అతడు ఇంతవరకు సంతకము చేయలేదు. మరుసటి వారము మాత్రము తనతో పనిచేయు ఇద్దరిని వెంటబెట్టుకొని అదే చోట కూర్చుండెనని మేకల అవ్వ నాకు చెప్పినది.